దురియన్ మన దగ్గరికి రాదు, మనమే వెళ్లాలి

మలేసియా, థాయిలాండ్ వైపు పండే ముళ్లకాయ దురియన్ పేరెత్తగానే మనవాళ్లలో చాలామంది ముక్కు మూసుకుంటారు. తిన్నారా అని అడిగితే 'వాసనకే కడుపులో తిప్పింది బాబూ' అంటారు. ఎక్కడ తిన్నారంటే మాత్రం సమాధానం దాదాపు ఒకటే. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఒక పెద్ద సూపర్ మార్కెట్ ఫ్రిజ్‌లో, ప్లాస్టిక్ ట్రేలో చుట్టిపెట్టిన రెండు తొనలు. నేనూ మొదటిసారి అలాగే తిన్నాను. ఉడికిన ఉల్లిపాయను పంచదార పాకంలో ముంచినట్టు ఉంది. ఒక్క ముద్ద మింగి మిగతాది చెత్తబుట్టలో వేశాను. కొన్నేళ్ల తర్వాత మలేసియాలోని పెనాంగ్ ద్వీపంలో, తెల్లవారుజామున రాలిన కాయను పొద్దున తొమ్మిదింటికి తోటలోనే కూర్చుని తిన్నాను. ఆ పండుకీ ఈ పండుకీ పేరొక్కటే కలిసింది.

తేడా అంతా గంటల్లో ఉంది. మలేసియాలో దురియన్‌ను కోయరు. పండి తనంతట తాను రాలేదాకా ఆగుతారు. కొండవాలు తోటల్లో చెట్ల కింద వలలు కట్టి ఉంచుతారు, లేకపోతే కాయ దెబ్బతింటుంది, కింద నడిచేవాడి తల కూడా. అనుకోకుండా కలిసొచ్చిన డబ్బును మలయ్ భాషలో 'దురియన్ రుంతుహ్' అంటారు, అంటే రాలిన దురియన్ అని. మనం లంకెబిందెలు దొరికాయంటామే, అలాగ. కాయ రాలిన క్షణం నుంచి లోపల మార్పు వేగంగా మొదలవుతుంది. మొదటి కొన్ని గంటల్లో తొన మీద పలచటి పొర, లోపల వెన్న, నాలుక చివర కాస్త తిమ్మిరెక్కినట్టు ఒక చిత్రమైన అనుభవం. ఒకటి రెండు రోజులు దాటితే తొక్క పగుళ్లు తీస్తుంది, గుజ్జు చెమ్మగిల్లి పులుపెక్కుతుంది, గంధకపు వాసన ఇల్లంతా నిండుతుంది. మనవాళ్లు తిట్టేది ఎక్కువగా ఈ దశలో ఉన్న పండునే.

థాయిలాండ్ పద్ధతి వేరు. చంతాబురి తోటల్లో కోసేవాడు చెట్టెక్కి, కాయ తొడిమ కోసి కిందకు వదులుతాడు. కింద ఉన్నవాడు దాన్ని గోనెసంచితో ఒడుపుగా పట్టుకుంటాడు. ఆ కాయ తర్వాత కొద్దిరోజుల్లో మగ్గుతుంది. ఈ కొద్దిరోజులే దాన్ని లారీ ఎక్కించి, ఓడ ఎక్కించి చైనా దాకా పంపడానికి వీలు కల్పిస్తాయి. ముదరకముందే కోస్తే ఎంత మగ్గబెట్టినా చప్పిడిగానే ఉంటుంది కాబట్టి, అక్కడ ఎక్కువగా పండే మాన్‌థాంగ్ రకం గుజ్జులో నీరు తీసేస్తే మిగిలే పదార్థం కనీసం 32 శాతం ఉండాలని వాళ్లు ఒక ప్రమాణం పెట్టుకున్నారు. థాయిలకు తొన కాస్త గట్టిగా, తియ్యగా, వాసన తక్కువగా ఉంటే ఇష్టం. మలేసియా వాళ్లకు అది పచ్చికాయ. ఇందులో ఎవరి మాట సరైనదో తేల్చే పని నాకొద్దు. మామిడికాయ ముక్కలు ఉప్పూకారం అద్దుకుని తినేవాడికీ, రసం పండు జుర్రుకునేవాడికీ మధ్య పంచాయితీ లాంటిది అది.

నా వాదన ఇంతవరకే: చెట్టు మీద పండి రాలిన దురియన్ ప్రయాణానికి తట్టుకోదు, కాబట్టి దాన్ని తినాలంటే మనిషే ప్రయాణం చేయాలి. దీన్ని డబ్బున్నవాళ్ల సరదా అని కొట్టిపారేసేవాళ్లను చూశాను. వేసవిలో ఊరెళ్లి తాటిచెట్టు కింద కూర్చుని, అప్పుడే దించిన గెలలోంచి ముంజలు కొట్టించుకుని బొటనవేలితో తీసుకు తిన్నవాళ్లు ఆ మాట అనకూడదు. అవే ముంజలు మర్నాడు సిటీలో కవర్లో కట్టించుకుంటే ఎలా ఉంటాయో మనకు తెలుసు.

పెనాంగ్ ద్వీపానికి పడమటి పక్క బాలిక్ పులావ్ అనే ఊరుంది. ఆ పేరుకు అర్థమే 'ద్వీపం వెనక'. పెనాంగ్ రాజధాని జార్జ్‌టౌన్ నుంచి కొండ దాటి వెళ్లాలి. సీజన్లో, అంటే మే చివరి నుంచి ఆగస్టు దాకా, రోడ్డు పక్కన రేకుల షెడ్లలో గుట్టలుగా కాయలు పోసి ఉంటాయి. వ్యాపారి మొదట అడిగేది రకం పేరు కాదు. తీపి కావాలా, చేదు కావాలా అంటాడు. ఈ ప్రశ్న విని నేను తెల్లబోయాను. డబ్బులిచ్చి చేదు పండు ఎవరు కొంటారు? కానీ కాకరకాయ వేపుడును, వేపపువ్వు వేసిన ఉగాది పచ్చడిని లొట్టలేస్తూ తినే జాతి మనది, మనం ఆశ్చర్యపోవడం ఏం న్యాయం. దురియన్‌లో చేదు అంటే కాఫీ డికాక్షన్ చివర మిగిలే చేదు లాంటిది. ముదురు చెట్ల కాయల్లో అది బాగా కనిపిస్తుందని, లేత చెట్టు కాయ ఉత్త తీపేనని రైతులు చెబుతారు. అందుకే ఒకే రకం కాయకు కూడా చెట్టు వయసు అడిగి కొనేవాళ్లున్నారు.

ఇక ఎంచడం. నిజానికి ప్రయాణంలో సగం ఆనందం ఇందులోనే ఉంది. ముందు తొడిమ చూస్తారు. దానంతట అది రాలిన కాయ అయితే సహజంగా విడిపోయిన గుర్తు ఉంటుంది, కోసినదైతే కత్తి గాటు ఉంటుంది. తొడిమ పచ్చిగా, చెమ్మగా ఉంటే తాజా. ఎండి ముడుచుకుపోతే నిన్నటిదో మొన్నటిదో. తర్వాత చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపుతారు. లోపల తొన గోడను వదిలి కాస్త కదిలినట్టు మెత్తటి చప్పుడు రావాలి. తర్వాత కింద కాయ విడిపోయే గీత దగ్గర ముక్కు పెడతారు. సైజుకు తగ్గ బరువు లేని కాయను వదిలేయకూడదు, తరచుగా అందులోనే పిక్క చిన్నదీ గుజ్జు ఎక్కువా ఉంటాయి. ఇది నాకు తలకిందులుగా తోచింది. మనం పుచ్చకాయ బరువు చూసి కొనే అలవాటున్నవాళ్లం కదా. పుచ్చకాయ వాడిలాగే దురియన్ వాడు కూడా కత్తితో చిన్న చెక్క తీసి లోపల చూపిస్తాడు. ముందురోజు గట్టి వాన పడితే ఆ పూట కొనకపోవడం మంచిది, గుజ్జు నీళ్లోడుతుంది. ఇవేవీ లెక్కల్లా పనిచేసే సూత్రాలు కావు. మేడిపండు సంగతి మనకు కొత్త కాదు, దురియన్‌లో కూడా కాయతొలిచే పురుగు దూరుతుంది, బయటికి సన్నని రంధ్రం తప్ప ఏమీ కనిపించదు. పురుగు వస్తే, పచ్చిగా ఉంటే, మంచి వ్యాపారి మారుమాట్లాడకుండా కాయ మార్చి ఇస్తాడు. కాటా వేసేది మాత్రం తొక్కతో కలిపే. రెండు కిలోల కాయలో చేతికొచ్చే గుజ్జు అరకిలో అటూ ఇటూ. కొట్టి తొనలు ట్రేలో సర్దిన తర్వాత బరువు చెప్పేవాడి దగ్గర జాగ్రత్త.

ఈ పద్ధతంతా ఒక నమ్మకం మీద నడుస్తుంది, మీరు అక్కడే కూర్చుని తింటారని. పండు బాగోకపోతే మీ ముఖం వ్యాపారికి కనిపిస్తుంది. ఎగుమతి పెట్టెలో పోయే కాయకు ఆ ముఖం లేదు. 2025 జనవరిలో థాయిలాండ్ నుంచి వెళ్లిన కొన్ని కాయల్లో 'బేసిక్ ఎల్లో 2' అనే నిషిద్ధ రంగు దొరికి, చైనా ప్రతి లోడుకూ పరీక్ష రిపోర్టు తప్పనిసరి చేసింది. తినేవాడు వేల కిలోమీటర్ల దూరాన ఉన్నప్పుడు పైరంగుకే రేటు. కార్బైడ్ మామిడిపళ్లు కొని తిన్న మనకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు.

'తిన్నంత తినండి' అనే దురియన్ బఫేలంటే నాకు గిట్టనిది కూడా ఇందుకే. టూర్ ప్యాకేజీల్లో ఇప్పుడు అవి మామూలయ్యాయి. మనిషికి ఇంత అని కట్టి కూర్చుంటే ముందే కొట్టి ఉంచిన తొనలు వస్తూనే ఉంటాయి. ఎవరు ఎంచారో, ఎప్పుడు రాలాయో తెలీదు. పైగా మూడు నాలుగు తొనలు దాటితే నాలుక మొద్దుబారిపోతుంది. పది తిన్నవాడికి గుర్తుండేది అజీర్ణమే. ఇద్దరు కలిసి మూడు కాయలు, తీపి నుంచి చేదుకు వరుసగా, మధ్యలో మంగుస్తాన్ పళ్లు, అంతే చాలు. దురియన్ వేడి చేస్తుంది, మంగుస్తాన్ చలవ చేస్తుంది అని అక్కడి చైనీయుల నమ్మకం. మా అమ్మమ్మ మామిడిపళ్ల గురించి చెప్పిన మాటలే చైనీస్ యాసలో విన్నట్టుంది. వందగ్రాముల గుజ్జులో దాదాపు 150 కేలరీలు ఉంటాయి, పొటాషియం కూడా ఎక్కువే. కాబట్టి షుగర్, కిడ్నీ సమస్యలున్నవాళ్లు డాక్టర్ని అడిగాకే ఈ సరదాకు దిగాలి.

రకాల మాటకొస్తే ఇప్పుడు రాజ్యం ముసాంగ్ కింగ్‌ది. కెలంతాన్ రాష్ట్రంలోని గువా ముసాంగ్ ఊరి పేరు మీద వచ్చిన పేరది. పాత పేరు రాజా కుణిత్, అంటే పసుపు రాజు. గుజ్జు నిజంగానే పసుపు ముద్దలా ఉంటుంది. 1993లో మలేసియా వ్యవసాయ శాఖ దగ్గర డి197గా నమోదైంది. కాయ అడుగున గోధుమరంగు నక్షత్రం గుర్తు. దానికంటే ముందు 1937 నుంచీ ఉన్న డి24 ఒకప్పుడు మహారాజు, ఇప్పుడు రెండో వరుసలో కూర్చుంది. పెనాంగ్‌లో రెడ్ ప్రాన్, సొరకాయ ఆకారంలో ఉండే హోర్ లోర్ ఉన్నాయి. బ్లాక్ థార్న్ ఈమధ్య ముసాంగ్ కింగ్‌కు పోటీ వస్తోంది. వీటన్నిటి పక్కన ఒక మూల కాంపుంగ్ కాయలు ఉంటాయి. కాంపుంగ్ అంటే పల్లె. పిక్క నుంచి మొలిచిన నాటు చెట్లు, ఏ నంబరూ లేదు, ఒక చెట్టు కాయ ఇంకో చెట్టు కాయలా ఉండదు. పిక్క పెద్దది, గుజ్జు తక్కువ, ధర ముసాంగ్ కింగ్ దరిదాపుల్లోకి రాదు. నన్నడిగితే ప్రయాణం చేసి వెళ్లి తినాల్సినవి ఇవే. ముసాంగ్ కింగ్‌ను గడ్డకట్టించి విమానంలో ఎక్కడికైనా తెస్తారు, పల్లె కాయ మాత్రం ఆ రోడ్డు దాటి రాదు.

ముసాంగ్ కింగ్ మోజుకు ఇంకో ముఖం ఉంది. చైనా 2024లో 15 లక్షల టన్నులకు పైగా తాజా దురియన్ దిగుమతి చేసుకుంది. అందులో అధికభాగం థాయిలాండ్, వియత్నాంలది. మలేసియా గుజ్జును 2011 నుంచి, గడ్డకట్టించిన పూర్తి కాయను 2019 నుంచి అమ్ముతూ, తాజా కాయకు 2024లో అనుమతి తెచ్చుకుంది. డబ్బు వచ్చే దారి కనిపించాక నేల మీద తగాదా రాకుండా ఉంటుందా? పహాంగ్ రాష్ట్రంలోని రౌబ్ ప్రాంతంలో ఎందరో రైతులు పట్టాలు లేని ప్రభుత్వ భూమిలో దశాబ్దాలుగా తోటలు పెంచారు. 2020లో రాష్ట్ర ప్రభుత్వం ఆ భూమిని ఒక కంపెనీ భాగస్వామ్యానికి కట్టబెట్టి, రైతులు లీజు కట్టి కాయలు వాళ్లకే అమ్మాలంది. ఆక్రమణదారులకు ఇది రాయితీ అని ప్రభుత్వం, చెమటోడ్చి పెంచిన చెట్లను లాక్కోవడమని రైతులు. కోర్టులు, ధర్నాలు నడిచాయి. 2025 ఏప్రిల్‌లో అధికారులు దాదాపు 200 ముసాంగ్ కింగ్ చెట్లను నరికేశారు. దోసకాయా దురియనూ కలిసి దొర్లితే గాయం దోసకాయకే అని మలయ్ సామెత. ముల్లు, అరిటాకు సామెత చెప్పుకునే మనకు అది వెంటనే అర్థమవుతుంది. రౌబ్‌లో ముళ్లకాయ పండించినవాడే దోసకాయ అయ్యాడు. ఆ దారిన రుచి చూడ్డానికి వెళ్లే పర్యాటకుడు ఈ కథ కూడా అడిగి తెలుసుకోవాలని నా ఉద్దేశం, బిల్లు కట్టేది తనే కాబట్టి.

మలేసియా వెళ్లే తెలుగువాళ్లలో చాలామంది కౌలాలంపూర్ పక్కన బటు గుహల మురుగన్ దర్శనం చేసుకుంటారు. మెట్లెక్కుతూ కోతుల్నే చూస్తారు. అలాంటి సున్నపురాయి గుహల్లో ఉండే తేనె తాగే గబ్బిలాలే రాత్రిపూట పదుల కిలోమీటర్లు ఎగిరి దురియన్ పువ్వుల మీద వాలి పరాగ సంపర్కం చేస్తాయి. ఆ పువ్వులు సాయంత్రం విచ్చుకుని తెల్లారేసరికి రాలిపోతాయి. గుహ పోతే పండు పోతుంది. ఇంకో చుట్టరికం నన్ను మరీ ఆశ్చర్యపరిచింది. ముళ్లు చూసి అందరూ దురియన్‌ను పనసకు తమ్ముడనుకుంటారు. పనసది వేరే వంశం. దురియన్ మన పత్తి, బెండ, బూరుగు, గోంగూరల కుటుంబం. 2017లో సింగపూర్ శాస్త్రవేత్తలు ముసాంగ్ కింగ్ జన్యుపటాన్ని విప్పినప్పుడు పత్తితో ఈ బంధుత్వం, గంధకపు వాసన పుట్టించే జన్యువుల నకళ్లు ఎక్కువగా ఉండటం కూడా బయటపడ్డాయి. గోంగూర తినేవాళ్లకు దురియన్ పరాయిది కాదని చెబితే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

అంతదూరం ఎందుకు, మనదేశంలోనే దొరకదా అంటే, దొరుకుతుంది. నీలగిరి కొండల దిగువన బర్లియార్, కల్లార్‌లలో తమిళనాడు ఉద్యాన శాఖ తోటల్లో పాత దురియన్ చెట్లున్నాయి. పిల్లలు పుడతారన్న నమ్మకంతో అక్కడ కాయ కోసం దంపతులు వెతుక్కుంటూ వస్తారు. రుచికి వచ్చేవాళ్లు తక్కువ. రుచి కోసమే అయితే మలేసియా మేలు. 2023 డిసెంబర్ 1 నుంచి భారతీయులకు 30 రోజుల దాకా వీసా లేకుండా ప్రవేశం మొదలైంది, వెళ్లేముందు తాజా నిబంధన మాత్రం చూసుకోవాలి. పండును హోటల్ గదికి తెచ్చుకునే ఆలోచన పెట్టుకోవద్దు. చాలా హోటళ్లు జరిమానా వేస్తాయి, సింగపూర్ మెట్రోలో అయితే దురియన్ బొమ్మ మీద అడ్డగీత కొట్టి బోర్డే పెట్టారు. చేతి వాసన పోవడానికి మాత్రం ఖాళీ తొక్క డొప్పలో నీళ్లు పోసి కడుక్కోమంటారు. నాకు కొంత పనిచేసింది.

పెనాంగ్‌లో పెద్దవయసు వ్యాపారిని ఎవరైనా అంకుల్ అనే పిలుస్తారు. బాలిక్ పులావ్‌లో నాలుగు రోజులు ఒకే అంకుల్ దగ్గర తిన్నాను. ఆఖరి రోజు, ఈసారి నేనే ఎంచుకుంటానన్నాను. ఆయన కత్తి పక్కన పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. కాంపుంగ్ కాయల గుట్టలోంచి అరడజను తీసి, తొడిమలు గిల్లి, చెవి దగ్గర ఊపి, గీతల దగ్గర వాసన చూసి, పావుగంట తర్వాత ఒకటి ఆయన చేతికిచ్చాను. ఒక్కసారి అరచేతిలో ఎగరేసి చూశాడు. ఏమీ అనకుండా దాన్ని గుట్టలోకి విసిరేసి, నేను మొదట్లోనే వద్దని పక్కకు నెట్టిన కాయను తీసి కొట్టాడు.