శ్రీకాకుళంలో రాత్రి ఎనిమిది తర్వాత

‘ఇంటి నుంచి పనిచేసేవాళ్లంతా శ్రీకాకుళం రండి, దేశంలో ఇంతకంటే భద్రమైన ఊరు లేదు’ అని మొదలయ్యే వాట్సాప్ సందేశం కొన్ని వారాలుగా బంధువుల నుంచీ, కాలేజీ స్నేహితుల నుంచీ, చివరికి మా అపార్ట్‌మెంట్ గ్రూపు నుంచీ నాకు వస్తూనే ఉంది. పంపుతున్నవారిలో ఎక్కువమంది హైదరాబాదులోనో బెంగళూరులోనో స్థిరపడి సంక్రాంతికి వచ్చి వెళ్లేవారు. సొంత ఊరి మీద వారికున్న అభిమానం నాకూ ఉంది. కానీ దాన్ని నమ్మి ఎవరో ఒకమ్మాయి ల్యాప్‌టాప్ సర్దుకుని నిజంగానే ఇక్కడికి వచ్చేస్తే ఆమెకు జవాబు చెప్పవలసింది ఇక్కడ ఉంటున్న మేము. సందేశం చెప్పేవి ఇవి: జాతీయ నివేదికలో మన ఊరిదే మొదటి స్థానం, తలుపులకు తాళం అక్కర్లేదు, నక్సలైట్ల భయం లేదు, అద్దెలు తక్కువ, తుపాను ఊరిని తాకదు, ఇరుగుపొరుగు కనిపెట్టుకుని ఉంటారు, రైలు దిగితే ఊరే, ఆడపిల్లలు ఎనిమిదికల్లా ఇళ్లకు చేరతారు కాబట్టి వారికి ఏ భయమూ లేదు.

మొదటి స్థానం మాట పూర్తిగా కల్పితం. జాతీయ నేర రికార్డుల బ్యూరో తన మహానగరాల పట్టికల్లో ఇరవై లక్షలకు పైగా జనాభా ఉన్న 19 నగరాలను మాత్రమే పోలుస్తుంది. 2011 జనగణన నాటికి మన పట్టణ జనాభా లక్షన్నరకు లోపే. 2025లో మహిళల భద్రతపై వెలువడిన ‘నారీ’ నివేదిక 31 నగరాల్లో 12,770 మంది మహిళలను అడిగి చేసిన సర్వే. అందులో మెరుగైన వరుసలో నిలిచింది విశాఖపట్నం. వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న నగరానికి వచ్చిన పేరును తెచ్చి మన ఊరికి తగిలించడం ఆ నగరానికీ, మన ఊరికీ కూడా అన్యాయమే.

అద్దెలకూ భద్రతకూ సంబంధం లేదు. నక్సలైట్ల గురించి చెప్పింది మాత్రం నిజమే. 1967 తర్వాత మూడు నాలుగేళ్లు సాగిన గిరిజన రైతాంగ పోరాటాన్ని తలచుకుని ఈ రోజు అరసవల్లి వచ్చేవారు భయపడనక్కర్లేదు. ఆ పోరాటం నడిచిన ఏజెన్సీలో చాలా భాగం 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. తాళం అక్కర్లేదన్న సలహా ఎవరూ పాటించకండి. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ పోతే జవాబుదారీ మీరే. పైగా, ఇంట్లో కూర్చుని పనిచేసేవారి దగ్గరకు దొంగ తలుపు తీసుకునే రానక్కర్లేదు, ఫోన్‌లో పోలీసు వేషం వేసుకుని వస్తాడు. అలాంటప్పుడు వెంటనే ఫోన్ చేయవలసింది సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి. ఊరు చిన్నదైనంత మాత్రాన ఆ ఫోన్లు రాకుండా పోవు.

ఇక ఎనిమిది గంటల మాట. ఈ సందేశంలో నాకు నిజంగా కోపం తెప్పించిన వాక్యం ఇదొక్కటే. ఆడవాళ్లు బయట కనిపించకపోవడం వారికి భయం లేదనడానికి సాక్ష్యం ఎలా అవుతుంది? భయం ఉన్న చోటనే కదా వేళ కాకముందే ఇంటికి చేరేది! అసలు ఎనిమిది తర్వాత ఈ ఊళ్లో ఆడవాళ్లు బయట లేరని ఎవరు చెప్పారు? బట్టల దుకాణాలు మూసేదాకా నిలబడి పనిచేసే అమ్మాయిలు ఆ తర్వాతే డే అండ్ నైట్ జంక్షన్‌లో ఆటో కోసం ఎదురుచూస్తారు. ప్రభుత్వ ఆసుపత్రి నర్సులకు రాత్రి డ్యూటీలుంటాయి. ఆర్టీసీ కాంప్లెక్సులో చివరి బస్సు కోసం పసిబిడ్డను ఎత్తుకుని నిలబడే తల్లులుంటారు. సందేశం రాసినవారి లెక్కలో వీరెవరూ ఆడవాళ్లు కారా? అమెరికా కంపెనీకి పనిచేసే అమ్మాయి సాయంత్రం పని మొదలుపెట్టి తెల్లవారుజామున ముగిస్తుంది. ఆమె భోజనం చేసేది, మందుల షాపుకు వెళ్లేది, కాసేపు గాలి పీల్చుకోవడానికి నాగావళి వంతెన వైపు నడవాలనుకునేది మీరు తలుపులు వేసుకున్న తర్వాతే. ఆమెను పిలుస్తూనే ఎనిమిది దాటితే బయటికి రావద్దంటున్నాం.

ఇందులో ఇంకా పెద్ద హాని ఉంది. ఎనిమిదిన్నరకు ఆమెకు ఏదైనా జరిగితే, ‘ఆ వేళప్పుడు బయట ఏం పని?’ అన్న ప్రశ్న ముందే సిద్ధమై ఉంటుంది. ఆ ప్రశ్న ఎదురవుతుందని తెలిసిన అమ్మాయి స్టేషన్‌కు వెళ్లదు, ఇంట్లో కూడా చెప్పదు. ఫిర్యాదు లేదు కాబట్టి కేసు లేదు. కేసు లేదు కాబట్టి మన ఊళ్లో నేరమే లేదని మరొక సందేశం తయారవుతుంది. వెలుగుతున్న వీధిదీపం, పద్ధతిగా నడిచే ఆటోస్టాండు, రాత్రి పదింటికి కూడా తెరిచి ఉన్న నాలుగు దుకాణాలు, ఫోన్ చేస్తే ఎదురుప్రశ్న వేయకుండా కదిలే పోలీసు: ఒక ఊరిని భద్రమైనదని చెప్పాలంటే నేను వీటినే చూస్తాను. అమ్మాయి ఏ గంటకు ఇల్లు చేరిందో చూడను.

తుపాను తాకదట. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021లో గులాబ్ చూసిన జిల్లా ఇది. నాలుగూ సెప్టెంబరు చివరికీ అక్టోబరు మధ్యకూ నడుమ వచ్చినవే. తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసినప్పుడు పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కరెంటు పోయాక సెల్ టవర్ల బ్యాటరీలూ ఎంతోసేపు ఆగవు. ఆ వారాల్లో ఇక్కడ ఉండేవారు ఇన్వర్టరును, రెండో కంపెనీ సిమ్మును, నిల్వ నీటిని ముందే చూసుకోవాలి.

ఇరుగుపొరుగు గురించి రాసినదాన్ని మాత్రం నేను కాదనలేను. ‘ఎవులమ్మాయివమ్మా? మీదే ఊరు? పెళ్లయిందా?’ అని మెట్ల మీదే ఆరా తీయడం కొత్తగా వచ్చినవారికి చిరాకు కలిగిస్తుంది, నాకూ నచ్చదు. అయినా ఆ అడిగిన పెద్దావిడే రెండు రోజులు తలుపు తీయకపోతే వచ్చి తడుతుంది, జ్వరమని తెలిస్తే గంజి కాచి తెస్తుంది, ఆటో పిలిచి ఆసుపత్రికి తోడు వస్తుంది. ఒంటరిగా ఉండేవారికి ఇది చిన్న విషయం కాదు.

రైలు దిగితే ఊరే అన్నది చదివి రాత్రిపూట వచ్చేవారు తప్పక తెలుసుకోవలసింది ఒకటుంది. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. అక్కడి నుంచి ఊళ్లోకి పది కిలోమీటర్లకు పైనే. హౌరా లైను రైళ్లలో కొన్ని ఆగేది అర్ధరాత్రి దాటాక. వీలైతే పగలు చేరే రైలు చూసుకోండి. వీలుకాకపోతే ఇంటి యజమాని చేత తెలిసిన ఆటోను ముందే మాట్లాడించి, దాని నంబరు ఇంటివాళ్లకు పంపి, అత్యవసర నంబరు 112ను ఫోన్‌లో సిద్ధంగా పెట్టుకుని రైలు దిగండి. మహిళల సహాయానికి 181 కూడా ఉంది. సందేశాన్ని ఇంకా పంపుతూనే ఉంటామనేవారు ఎనిమిది గంటల వాక్యం కొట్టేసి, దాని చోట ఈ స్టేషన్ సంగతి రాసి పంపండి.