కొండపల్లి బొమ్మల్లో కొత్త పాత్రలు ఎందుకు పుట్టడం లేదు?

కొండపల్లి కొయ్యబొమ్మల కళను కాపాడాలని ఎవరు మాట్లాడినా, ఆ మాట చివరికి మార్కెట్ దగ్గరికే వస్తుంది. ఆన్‌లైన్‌లో అమ్మాలి, ఎయిర్‌పోర్టులో స్టాల్ పెట్టాలి, ప్రభుత్వ హస్తకళల సంస్థ లేపాక్షి షోరూముల్లో ముందు వరసలో ఉంచాలి. అన్నీ కావాల్సినవే. అయితే ఏ బొమ్మలు అమ్మాలన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినపడదు. షోరూముకు వెళ్తే కనిపించేవి అంబారీ ఏనుగు, దశావతారాలు, గీతోపదేశం రథం, తల ఊపే నాట్యకత్తె, ఎడ్లబండి, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, పల్లకీలో పెళ్లికూతురు. నాన్నమ్మలు సంక్రాంతి బొమ్మల కొలువులో పెట్టినవీ ఇంచుమించు ఇవే. సంప్రదాయమంటే అదే కదా అని సర్దుకుంటాం. నాకు ఆ సర్దుబాటు నచ్చదు.

దేవుళ్లను కాసేపు పక్కన పెడదాం. మోకు కట్టుకుని చెట్టెక్కేవాడు, రోట్లో దంచే ఆడవాళ్లు, బండి తోలే రైతు... వీళ్లంతా ఒకప్పుడు ఆ బొమ్మ చెక్కినవాడికి రోజూ ఎదురైన మనుషులు. ఈ పని చేసే ఆర్యక్షత్రియులు తమ పూర్వీకులు రాజస్థాన్ నుంచి వచ్చారని, తమ మూలపురుషుడు ముక్తఋషి అని చెప్పుకుంటారు. ఎక్కడి నుంచి వచ్చినా, మనుషుల బొమ్మలు చెయ్యాలనుకున్నప్పుడు వాళ్ల కళ్లు పోయింది చుట్టుపక్కల ఊళ్ల మీదికే. ఇవాళ అదే బొమ్మ చెక్కే కుర్రాడి ఇంట్లో రోలు స్థానంలో మిక్సీ ఉంటుంది. వాడు చూసి చెక్కుతున్నది మనిషిని కాదు, పాత బొమ్మని.

పనితనం చాలక ఇలా జరుగుతోందా అంటే, కాదు. కొండపల్లి పద్ధతి కొత్త పాత్రలకు ఇట్టే ఒదిగిపోతుంది. తెల్ల పొణికి కర్ర తేలికగా, మెత్తగా ఉంటుంది. దాన్ని ఆరబెట్టి, తేమంతా పోయేదాకా సన్నని సెగ మీద కాస్తారు. ఆ తర్వాత మొండెం వేరు, చేతులు వేరు, తల వేరు. ఒక్కో ముక్కనూ ఉలితో చెక్కి, ఆకురాయితో నున్న చేసి, చింతపిక్కల పిండిలో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతికిస్తారు. ఉలికి అందని సన్నపనిని కూడా ఆ మక్కుతోనే దిద్దుతారు. మీద సున్నపు పూత, దాని మీద రంగులు. ఇందులో అచ్చు పోసే పని లేదు. చెయ్యి అతికించే కోణం కాస్త మారిస్తే చాలు, తలపాగా సర్దుకునే మనిషి సెల్‌ఫోన్లో మాట్లాడే మనిషి అయిపోతాడు.

లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాక సంగతి వేరు. అక్కడ అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ లక్క రంగు పట్టిస్తారు. గుండ్రంగా తిరగగలిగినవే బొమ్మలవుతాయి, అది ఆ పనిముట్టు పెట్టే హద్దు. ఆ హద్దులో ఉంటూనే వాళ్లు రంగుల దారి మార్చారు. చెట్ల నుంచి తీసే సహజ రంగుల్ని మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద నిలిచినవి ఆ బొమ్మలే.

పటాలు, బొమ్మలు చేసే చేర్యాల నకాషీల దారి ఇంకొకటి. యాదవుల కథకులైన మందెచ్చులు కాటమరాజు కథ చెప్పేటప్పుడు నకాషీలు చేసిన బొమ్మల్నే జనం ముందు పెట్టేవారు. ఎదురుగా కూర్చున్నవాళ్లు చూడగానే ఇతను ఫలానా అని గుర్తుపట్టాలి కాబట్టి ప్రతి ముఖానికీ ఒక తీరు ఉండాల్సి వచ్చింది. కథలు చెప్పేవాళ్లు తగ్గాక నకాషీలు గోడకు తగిలించే ముఖాలకూ, చిన్న పటాలకూ మళ్లారు.

కొండపల్లి నేర్చుకోవాల్సింది ముఖం దగ్గరే అనిపిస్తుంది. చాలా బొమ్మల్లో ఒకే కళ్లు, ఒకే నవ్వు. రైతైనా, పురోహితుడైనా వేషమే తేడా. ఎనామిల్ రంగు దీన్ని ఇంకా పెంచింది. అది మెరుస్తుంది, తడిగుడ్డతో తుడిచినా పోదు, అందుకే కొనేవాళ్లకు ఇష్టం. కానీ ఆ మెరుపులో చెంప మీది సన్నని గీత కనపడదు. రంగుల పని చాలా ఇళ్లలో ఆడవాళ్లది. ఒక బొమ్మ ముసలమ్మా, పడుచుపిల్లా అన్నది తేలేది వాళ్ల కుంచె చివరే. ధర మాత్రం ముఖాన్ని బట్టి కాదు, ఎత్తును బట్టి. అడుగు ఏనుగుకు ఒక రేటు, రెండడుగుల ఏనుగుకు ఇంకో రేటు. కంటిరెప్ప మీద గంట కూర్చున్నా పైసా ఎక్కువ రాదని తెలిశాక ఎవరు కూర్చుంటారు?

దీనికి తోడు సన్మానాల ఆర్డర్లు. అతిథికి ఇచ్చే జ్ఞాపిక ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదు. అంబారీ ఏనుగు ఎవరినీ ఇబ్బంది పెట్టదు. ఆ ఆర్డర్లే చాలా ఇళ్లకు అన్నం పెడుతున్నాయి కాబట్టి వాటిని తిట్టను. జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు సంగతీ చెప్పుకోవాలి. అది ఫలానా చోట, ఫలానా తీరులో చేసిన వస్తువు పేరుకిచ్చే రక్షణ. కొత్త పాత్ర చెయ్యొద్దని చెప్పదు. అసలు అడ్డు భయం. కొత్త బొమ్మకు రోజుల తరబడి పనిచేసి, అది అమ్ముడుపోకపోతే ఆ కూలి ఎవరిస్తారు? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా కళాకారులకు ‘ఇన్నోవేషన్’ మీద క్లాసులు చెప్పడం నాకు కాస్త మొరటుగా అనిపిస్తుంది.

కొనేవాళ్లు లేరని కూడా అనలేం. ఇప్పటి బొమ్మల కొలువులు గమనించండి. పై మెట్ల మీద దేవుళ్లు, కింద పార్కు, క్రికెట్ గ్రౌండు, ట్రాఫిక్ సిగ్నల్. అమెరికాలో మనవాళ్లు పెట్టే కొలువుల్లోనూ ఇలాంటి ముచ్చట్లు ఉంటాయి. ఆ కింది మెట్లు ఎక్కువగా ప్లాస్టిక్‌తో నిండుతున్నాయి. అంటే ఈ కాలపు మనుషుల బొమ్మలకు ఇంట్లో చోటుంది, కొండపల్లి నుంచే రావడం లేదు. ఆటో డ్రైవరు, ఆశా కార్యకర్త, మిర్చి యార్డు హమాలీ, పరీక్ష టెన్షన్‌తో పుస్తకంలో తల దూర్చిన ఇంటర్ పిల్ల... చెక్కేవాళ్లకు రోజూ కనిపించే మనుషులే.

కర్ర కొరత కూడా ఇక్కడికే తెస్తుంది. పొణికి అడవిలో పెరిగే చెట్టు, దొరకడం కష్టమైంది. గింజ పెంకు గట్టిది కావడంతో నారు పెంచడమూ అంత సులువు కాదు. మొక్కలు నాటాల్సిందే, కానీ అవి కోతకు వచ్చేలోపు ఉన్న కర్రనే పొదుపుగా వాడాలి. ధర సైజును బట్టి ఉన్నంతకాలం కర్ర ఎక్కువ తినే బొమ్మే లాభం. ముఖానికి, భంగిమకు ధర కడితే అరచేతిలో పట్టే బొమ్మతోనూ ఒక కుటుంబం బతకొచ్చు.

లేపాక్షి సంస్థ దీన్ని మొదలుపెట్టగలదు. ఏటా ఇచ్చే ఆర్డర్లలో ఒక చిన్న భాగం కొత్త పాత్రలకు కేటాయించి, అమ్మినా అమ్మకపోయినా కూలి ముందే చెల్లించాలి. బొమ్మ అడుగున చెక్కినవాళ్ల పేరు, రంగులు వేసినవాళ్ల పేరు రెండూ రాయించాలి. దసరా కొలువులకు అందేలా వేసవిలోనే ఆర్డరు ఇస్తే సరిపోతుంది.