సగటు లెక్కతో రాత్రి తొమ్మిదింటికి నెట్ రాదు

ఈ వారంలో ఒకే మెసేజ్ నాకు పదకొండు సార్లు వచ్చింది. బరంపురం తెలుగువాళ్ల గ్రూపుల్లో, స్కూలు స్నేహితుల దగ్గర్నుంచి, ఆఖరికి మా పెదనాన్నగారి నుంచి కూడా. ‘ఇంటర్నెట్ కంపెనీల మోసం ఇదీ’ అని మొదలవుతుంది. నేను ఈ ఊళ్లోనే ఇళ్లకు ఫైబర్ కనెక్షన్లిచ్చే ఒక చిన్న సంస్థలో నెట్‌వర్క్ చూసుకుంటాను. జీతం కోసం వెనకేసుకొస్తున్నాడని అనుకునేవాళ్లు అనుకోండి, లెక్క మాత్రం చూడండి.

ఆ మెసేజ్‌లో మొదటి మాట ఇది: పడుకునేముందు రూటర్ ఆపేస్తే పక్కింటికి స్పీడ్ పెరుగుతుందట. పెరగదు. ఎవరూ వాడనప్పుడు రూటర్ లాగే డేటా లెక్కలోకి రానంత తక్కువ.

తెల్లవారుజామున రెండింటికి ఫుల్ స్పీడ్, రాత్రి తొమ్మిదింటికి సగం వస్తోంది కాబట్టి ఆఫీసులో ఎవరో బటన్ నొక్కుతున్నారట. తొమ్మిదింటికి ఊరంతా టీవీల ముందుంటుంది, రెండింటికి నిద్రపోతుంది. దీనికి బటన్ ఎందుకు?

కొన్నదానికంటే ఎక్కువ అమ్మడం మోసమట. వెయ్యి ఇళ్లకు 100 ఎంబీపీఎస్ స్పీడ్ చొప్పున ఇస్తే 100 జీబీపీఎస్, అంటే లక్ష ఎంబీపీఎస్ కొనాలట. అలా కొంటే ఆ బిల్లు ఏ ఇల్లూ కట్టలేదు. టెలిఫోన్ల కాలం నుంచీ పంచుకోవడమే పద్ధతి. ఎన్ని కాల్స్ వస్తే ఎన్ని లైన్లు కావాలో, ఎందరికి లైన్ దొరకదో కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1917లోనే సూత్రం రాశాడు. మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కూడా 2009లో ఇళ్ల కనెక్షన్లకు 1:50 దాకా, అంటే ఒకరికి సరిపడేదాన్ని యాభై మంది దాకా పంచుకోవచ్చంది.

ఇవి ఎవరినీ ముంచవు. ముంచేది నాలుగోది. ‘ఒక ఇంటికి నెలకు 300 జీబీ ఖర్చయినా సెకనుకు సగటున 1 ఎంబీపీఎస్ కూడా కాదు. అరవై ఇళ్ల అపార్ట్‌మెంట్‌కి 60 ఎంబీపీఎస్ లైను చాలు. అందరూ కలిసి కొనుక్కోండి’ అని రాశారు. భాగహారం సరైనదే, నేనూ చేసి చూశాను, 0.93 వస్తుంది. కానీ ఆ సగటులో మనం నిద్రపోయిన గంటలు, ఆఫీసులో ఉన్న గంటలు, తాళం వేసి ఊరెళ్లిన రోజులు అన్నీ కలిసిపోయాయి. అరవై ఇళ్లలో ఇరవై ఇళ్లు రాత్రి తొమ్మిదింటికి ఒక్కో టీవీలో 5 ఎంబీపీఎస్ వీడియో పెడితే అక్కడికే 100 అయింది. పిల్లల ఫోన్లు ఇంకా లెక్కలోకి రాలేదు. ఈ మెసేజ్ నమ్మి మా పెదనాన్నగారి అపార్ట్‌మెంట్‌లో తలా కొంత వేసుకోవడానికి సిద్ధమయ్యారు. వాళ్లలో సగం మంది పెన్షన్ మీద బతికేవాళ్లు. అందుకే నాకు కోపం.

పైగా గుంపు చిన్నదయ్యేకొద్దీ కష్టం ఎక్కువ. ఏ క్షణంలోనైనా పదింటిలో ఒక ఇల్లు డేటా లాగుతోందనుకోండి. వంద ఇళ్లుంటే సగటున 10 ఇళ్లు, కానీ ఒక్కోసారి 19 దాకా పోతుంది. అంటే సగటుకు దాదాపు రెట్టింపు సిద్ధంగా ఉంచాలి. అదే పదివేల ఇళ్లుంటే సగటు 1000, పైకి పోతే 1090. తొమ్మిది శాతం అదనంగా ఉంటే సరిపోతుంది. పెద్ద నెట్‌వర్క్‌లో పంచుకోవడం కుదిరేది, అరవై ఇళ్లలో కుదరనిది ఇందుకే.

ఈ లెక్కకూ ఒక షరతుంది. ఎవరి వాడకం వాళ్లదిగా ఉండాలి. 2023 నవంబర్ 19న ప్రపంచకప్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకేసారి 5.9 కోట్ల మంది చూశారు. అలాంటి రోజు ఏ ఇంటికి ఆ ఇల్లు కాదు, ఊరంతా ఒకే ఇల్లు. అందుకే మ్యాచ్ రోజుల లెక్క మామూలు రోజులతో కలపకుండా విడిగా పెట్టుకుంటాం.

ఇంత చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి. ఆ మెసేజ్ చివర ‘కంపెనీ చూపించే గ్రాఫ్ నమ్మకండి’ అని ఉంది. ఆ మాట నిజం.

కిందటేడు ఒక రాత్రి తొమ్మిదీ ఇరవైకి గాంధీనగర్ నుంచి ఒక మామ్మగారు ఫోన్ చేశారు. “బాబూ, హైదరాబాద్‌లో మనవడు మాట్లాడుతుంటే బొమ్మ ఆగిపోతోంది, గొంతు ముక్కలుముక్కలుగా వస్తోంది” అన్నారు. నా ముందున్న గ్రాఫ్‌లో 1000 ఎంబీపీఎస్ లింకు మీద 870 కనబడుతోంది. బాగానే ఉందండీ అన్నాను. పెట్టేశాక మనసొప్పక, ఆ గ్రాఫ్ చూపించే అయిదు నిమిషాల సగటు తీసేసి పది సెకన్లకోసారి కొలిచాను. గీత పైకి పోయి 1000 దగ్గర బల్లలా చదునైపోయింది, కింద పడింది, మళ్లీ పోయి అంటుకుంది. అంటుకున్న ప్రతిసారీ ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, పోతున్నాయి. కంప్యూటర్ నెట్‌వర్క్ ట్రాఫిక్ టెలిఫోన్ కాల్స్‌లా సాఫీగా సర్దుకోదని, సెకన్లలో చూసినా నిమిషాల్లో చూసినా అవే ఎగుడుదిగుళ్లని అమెరికాలో బెల్‌కోర్ అనే టెలిఫోన్ పరిశోధన సంస్థవాళ్లు 1994లోనే చూపించారు. చదివిన నేనే మర్చిపోయాను. రద్దీ గంటలో లింకు వాడకం 80 శాతం లోపు ఉండాలని ట్రాయ్ 2006 నిబంధనల్లోనే చెప్పింది. మాది 87. మామ్మగారిది రైటు, నాది తప్పు.

ఇంకోటి. మాకు పైనుంచి బ్యాండ్‌విడ్త్ (లైను మోయగల డేటా) అమ్మేవాళ్ల బిల్లు 95వ పర్సెంటైల్ మీద, అంటే కొలతల్లో పెద్దవైన అయిదు శాతం వదిలేశాక మిగిలినవాటిలో పెద్దదాని మీద వస్తుంది. నెలలో అయిదేసి నిమిషాల కొలతలు 8,640. వాటిలో పెద్దవి 432 పక్కన పెట్టేస్తారు. అంటే 36 గంటలు, రోజుకు 72 నిమిషాలు. బిల్లుకు అది మంచి పద్ధతే. కానీ అదే అంకె పెట్టుకుని లింకు ఎంత కావాలో తేల్చుకుంటే, ప్రతి రాత్రీ సరిగ్గా ఆ మామ్మగారు ఫోన్ చేసే గంట మాయమైపోతుంది. మేం రెండేళ్లు అలాగే తేల్చుకున్నాం. ఇప్పుడు మానేశాం.

కాబట్టి మీ కంపెనీని నెల సగటు అడగకండి. రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా గరిష్ఠం ఎంత, 80 శాతం దాటిన రాత్రులు ఎన్ని, మ్యాచ్ రోజున ఎంత అని అడగండి. ఆదివారం అపార్ట్‌మెంట్ మీటింగుకి నేను మా గ్రాఫ్‌లు పట్టుకుని వస్తున్నాను, 870 ఉన్న రాత్రిది కూడా. పెదనాన్నా, అప్పటిదాకా ఎవరి దగ్గరా డబ్బులు వసూలు చేయకండి.