ఆ సౌర తుఫాను మెసేజ్ ఇక చాలించండి

అపార్ట్‌మెంట్ గ్రూపులో, చుట్టాల గ్రూపులో మళ్లీ అదే. "ఈ రాత్రి 12:30 నుంచి 3:30 దాకా సూర్యుడి నుంచి ప్రమాదకర కిరణాలు. ఫోన్లు ఆపేసి దూరంగా పెట్టండి, ఒంటికి హాని. నెలల తరబడి ఇంటర్నెట్ ఉండదు. నాసా చెప్పింది. అందరికీ పంపండి."

ఏ రాత్రి? తేదీ వేయలేదు. అమెరికాలో సౌర తుఫాను హెచ్చరికలు ఇచ్చేది నాసా కూడా కాదు, బౌల్డర్‌లో ఉన్న నోవా (అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ) వారి కేంద్రం. వాళ్లు జీ1 (స్వల్పం) నుంచి జీ5 (అతి తీవ్రం) వరకు తీవ్రత చెబుతారు. ఇందులో ఆ ఊసే లేదు.

ఇక కిరణాలు. అర్ధరాత్రి మనం ఉన్నది భూమికి సూర్యుడు కనిపించని పక్క! సౌరజ్వాల, అంటే సూర్యుడి మీది పేలుడు, ఎక్స్‌రేలు పడేది పగలున్న వైపు. అక్కడా పై వాతావరణమే వాటిని ఆపేస్తుంది. షార్ట్‌వేవ్ రేడియో మూగబోతుంది, నేల మీదున్న మనిషికి ఏమీ కాదు.

నాకు ఒళ్లు మండేది ఫోన్ మాట దగ్గరే. సూర్యుడు విసిరింది వచ్చి భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేస్తే అది భూ అయస్కాంత తుఫాను. అది వందల కిలోమీటర్ల కరెంటు లైన్లలో అదనపు కరెంటు పుట్టిస్తుంది. 1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్‌లో 60 లక్షల మంది దాదాపు 9 గంటలు చీకట్లో ఉన్నది అందుకే. జానెడు ఫోన్‌లో అలాంటి కరెంటు పుట్టదు. దిండు కింద పెట్టినా, పక్క గదిలో పెట్టినా ఒకటే. కానీ ఈ మెసేజ్ నమ్మి ఫోన్ కట్టేసేది ఎవరు? ఊళ్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు. రాత్రి రెండింటికి ఆయాసం వస్తే 108కి ఎలా చేస్తారు? డల్లాస్‌లో ఉన్న కొడుకు పదిసార్లు కాల్ చేసినా స్విచ్ఛాఫ్ వస్తే అతని పరిస్థితేమిటి? పంపేముందు ఒక్కరైనా ఇది ఆలోచించారా? "ఎందుకైనా మంచిదని పంపా" అంటారు. ఏం మంచిది?

ఇంటర్నెట్ సంగతి. 2024 మే 10న జీ5 తుఫాను వచ్చింది, 2003 అక్టోబరు తర్వాత అంత పెద్దది అదే. లద్దాఖ్‌లోని హాన్లేలో కెమెరాలకు ఎర్రటి ధ్రువకాంతి (సౌర తుఫాను వేళ ఆకాశంలో కనిపించే వెలుగు) చిక్కింది. అమెరికాలో జీపీఎస్‌తో నడిచే ట్రాక్టర్లు విత్తనాల వేళ ఆగిపోయాయి. ఇంటర్నెట్ నడిచింది, ఆ ఫొటోలు మనం చూసింది దాని మీదే. అయితే ఈ భయాన్ని పూర్తిగా కొట్టిపారేయను. సముద్రగర్భ కేబుళ్లలో సిగ్నల్‌ని పెంచే పరికరాలకు కరెంటు ఆ కేబుల్ లోపలి నుంచే వెళ్తుంది. నమోదైనవాటిలో అతి పెద్దవాటిలో ఒకటైన 1859 నాటి క్యారింగ్టన్ సౌర తుఫాను లాంటిది వస్తే అవి తట్టుకుంటాయా అన్నది పరిశోధకులు నిజంగానే అడుగుతున్న ప్రశ్న.

కానీ "12:30 నుంచి 3:30" అని ఎవరు చెప్పగలరు? సూర్యుడు విసిరిన ప్లాస్మా మేఘం ఎప్పుడు చేరుతుందన్న అంచనా పది గంటలు అటూఇటూ అవుతుంది. దాని అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంటేనే గట్టి తుఫాను. ఆ దిశ తేలేది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుణ్ని గమనించే మన ఆదిత్య ఎల్1 కూడా ఉన్న చోట, ఆ మేఘం ఉపగ్రహాలను తాకాకే. అక్కడి నుంచి మనకు మిగిలేది గంటలోపు. ఆ గంట గ్రిడ్ నడిపేవాళ్లకు, ఉపగ్రహాలు చూసుకునేవాళ్లకు కావాలి. మీ చుట్టాల ఫోన్లు ఆన్‌లోనే ఉండనివ్వండి.