విందు మహాశయా, ఆ 25 శాతం దేనిలో శాతం?

మహారాజశ్రీ సాయంకాలపు సీఎంఈ విందు గారి సముఖమునకు,

చెన్నైలో తెలుగు మాట్లాడే కొందరు ఫ్యామిలీ డాక్టర్లు నమస్కరించి చేసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. తమరి ఏసీ హాలు, పనీర్ టిక్కా, నాలుగు రకాల స్వీట్లు అన్నీ క్షేమమని తలుస్తాం.

తమరెవరో తెలియని పాఠకుల కోసం ఒక ముక్క. డాక్టరు చదువు డిగ్రీతో ఆగకూడదు, ఐదేళ్లలో కనీసం 30 గంటలైనా కొత్త సంగతులు నేర్చుకోవాలి అని 2002 నాటి వైద్య మండలి నియమాలు చెప్పాయి. ఆ నేర్పే సభల పేరే సీఎంఈ. గంటలు పోగేసుకోవడానికి మాకున్న దారుల్లో అన్నిటికన్నా రుచిగలది తమరే. ఏడున్నరకి రిజిస్టర్లో సంతకం. ఎనిమిదికి దీపం వెలిగించడం. తర్వాత స్పాన్సర్ గారి (ఖర్చు పెట్టుకునే మందుల కంపెనీ) తరఫున రెండు మాటలు, అవి ఎప్పుడూ ఇరవై నిమిషాలు. పెద్ద డాక్టరు గారి ప్రసంగం అరగంట. ప్రశ్నలు అడగబోతే, "భోజనాల దగ్గర మాట్లాడుకుందాం" అంటారు. భోజనాల దగ్గర అందరూ మాట్లాడేది కారు పార్కింగ్ గురించి.

తమరు అబద్ధాలు చెబుతారని మా ఫిర్యాదు కాదు. తమరి తెర మీద పడే అంకెలు చాలావరకు నిజమైనవే. ఏ నిజం తెరకెక్కాలి, ఏది ఎక్కకూడదు అన్న దగ్గరే మా పేచీ.

స్ప్రింట్ అధ్యయనం సంగతే తీసుకోండి. 2015లో అమెరికాలో వచ్చింది. 9,361 మంది మీద చేశారు. పై బీపీని 140 లోపు ఉంచితే చాలా, 120 లోపుకి దించాలా అన్నది ప్రశ్న. డబ్బు పెట్టింది అక్కడి ప్రభుత్వ సంస్థలు, మందుల కంపెనీ కాదు. వంక పెట్టాల్సిన పని కాదది. అంత పని తమరి తెర మీదికి వచ్చేసరికి ఎర్ర రంగులో ఒకే ఒక్క మాటగా మిగిలింది: 25 శాతం తగ్గుదల. పక్కన కిందికి చూపే బాణం.

దేనిలో 25 శాతం, స్వామీ? 140 గుంపులో గుండెపోటు, పక్షవాతం, హార్ట్ ఫెయిల్యూర్ లాంటి వాటిలో ఏదో ఒకటి వచ్చినవాళ్లు నూటికి 6.8 మంది. 120 గుంపులో 5.2 మంది. అంటే వెయ్యిమందిలో 68 మందికి రావలసింది 52 మందికి వచ్చింది. సుమారు మూడేళ్ల మూడు నెలల పాటు, సగటున మనిషికి ఒక మందు అదనంగా వాడితే 16 మంది బయటపడ్డారు. అధ్యయనం చేసినవాళ్ల లెక్కలోనే చెబితే 61 మందికి వాడితే ఒకరికి మేలు. 25 శాతమూ నిజమే, 61లో ఒకటీ నిజమే. కానీ మా ఎదురుగా కుర్చీలో కూర్చుని "ఇంకో మాత్ర అవసరమా డాక్టరు గారూ" అని అడిగే మనిషికి పనికొచ్చేది రెండోది. తమరు చూపేది మొదటిది.

ఇంకా ఉంది. అదే అధ్యయనంలో కిడ్నీ హఠాత్తుగా దెబ్బతిన్న తీవ్రమైన కేసులు వెయ్యికి 25 నుంచి 41కి పెరిగాయి. అదీ 16. బీపీ మరీ పడిపోయి ఇబ్బంది పడ్డవాళ్లు 14 నుంచి 24కి పెరిగారు. మేలు చేసిన 16, కీడు చేసిన 16 ఒకే తూకం కావని మాకూ తెలుసు. కిడ్నీ చాలామందికి తేరుకుంటుంది, పోయిన గుండె కండరం తిరిగి రాదు. ఆ తూకం మేమూ పేషెంటూ కూర్చుని వేసుకోవాలి. రెండో 16ని దాచేస్తే తక్కెడలో ఒక పళ్లెమే ఉన్నట్టు. అన్నట్టు, షుగర్ ఉన్నవాళ్లనీ, అంతకుముందే పక్షవాతం వచ్చినవాళ్లనీ ఆ అధ్యయనంలో చేర్చుకోనే లేదు. మా ఓపీ వరసలోంచి వాళ్లను లేపేస్తే క్యూ బాగా పలచబడుతుంది.

తమరు ఇంతవరకూ ఒక్కసారీ నోరు విప్పనిది మరొకటుంది: అక్కడ బీపీ ఎలా చూశారన్నది. మనిషిని కుర్చీలో వెనక్కి ఆనించి కూర్చోబెట్టారు. ఐదు నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా ఉంచారు. యంత్రం తనంతట తాను మూడుసార్లు కొలిచి సగటు తీసింది. చాలా చోట్ల గదిలో ఇంకెవరూ లేరు కూడా. మరి ఇక్కడో? సూళ్లూరుపేటలో పొద్దున్నే రైలెక్కి, సెంట్రల్లో దిగి, మెట్లెక్కి, టోకెన్ దగ్గర గొడవపడి, ప్లాస్టిక్ సంచీలో ఫైలుతో వచ్చి స్టూలు మీద కూలబడ్డ పెద్దాయనకి చొక్కా చేతి మీదే కఫ్ చుట్టి, "మందులు సరిగ్గా వేసుకుంటున్నారా" అని అడుగుతూనే గాలి కొడతారు. ఆయన జవాబు చెబుతుండగానే 148 అని రాసేస్తారు.

పద్ధతి పెద్ద బ్రహ్మవిద్య కాదు. మూత్రానికి వెళ్లొచ్చి కూర్చోవాలి. వీపుకి ఆసరా, పాదాలు నేలమీద, కాలు మీద కాలు వద్దు. చెయ్యి బల్లమీద, గుండె ఎత్తులో ఉండాలి. కఫ్ లోపలి గాలితిత్తి జబ్బ చుట్టుకొలతలో 80 శాతం దాకా చుట్టుకోవాలి. లావు చేతికి మామూలు కఫ్ చుడితే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. నిమిషం ఎడంతో రెండుసార్లు చూడాలి. అరగంట ముందునుంచి సిగరెట్టు, కాఫీ ఉండకూడదు (ఈ ఊళ్లో ఈ చివరిది చెప్పడానికి గుండె ధైర్యం కావాలి). ఇవేవీ లేకుండా హడావుడిగా చూసిన అంకెను పట్టుకుని 120 వైపు తరిమితే ఏమవుతుంది? ఇంట్లో నిమ్మళంగా ఉన్నప్పుడు 118 ఉండే మనిషికి మూడో మందు మొదలవుతుంది. రాత్రి బాత్రూంకని లేచినప్పుడు కళ్లు తిరుగుతాయి. తుంటి ఎముక విరిగితే ఆ కేసు ఆర్థోపెడిక్ వార్డు లెక్కలోకి పోతుంది, తమరి స్లైడుకి మచ్చ పడదు.

తమరి హాలు వెనక స్టాల్లో కొత్త కాంబినేషన్ మాత్రల పెట్టెలు పేర్చి ఉంటాయి. పెద్ద సైజు బీపీ కఫ్ ఒక్కటి ఎప్పుడైనా పెట్టారా?

తమరి మిగతా విద్యలు క్లుప్తంగా చెప్పుకుందాం. గ్రాఫు నిలువు గీతను సున్నా దగ్గర కాకుండా 90 దగ్గర మొదలుపెడితే వెంట్రుకవాసి తేడా లోయలా కనబడుతుంది. మరణం, గుండెపోటు, ఆస్పత్రిలో చేరడం మూడూ ఒకే మూటగా కట్టి, చివరిది మాత్రమే తగ్గినా మొదటి దాని పేరు చెప్పుకోవచ్చు. ఇక కొలతను చక్కదిద్దితే మనిషి బాగుపడ్డట్టే అని నమ్మించడం అన్నిటికన్నా పాత విద్య. గుండెపోటు వచ్చినవాళ్లలో గుండె లయ తప్పి కొట్టే అదనపు బీట్లను అణిచే మందులు ఈసీజీని ముచ్చటగా మార్చేవి. 1989లో కాస్ట్ అధ్యయనంలో ఎన్‌కెయినైడ్, ఫ్లెకెయినైడ్ వాడినవాళ్లే ఎక్కువమంది చనిపోతున్నారని తేలి వాటిని ఆపేశారు. ఈసీజీ మాత్రం చివరిదాకా బాగానే ఉంది.

ఇప్పుడు అసలు బాధ. తమరి హాలు నుంచి చేట్‌పేట్ ఎంత దూరం? ఆటో ఎక్కితే తెలుస్తుంది. 1956లో ఈ మద్రాసులోనే మొదలైన క్షయ చికిత్స కేంద్రం, పేదింట్లో ఉంటూ మందులు వాడినా శానటోరియంలో (క్షయ రోగుల ఆస్పత్రి) మంచి తిండీ విశ్రాంతీతో పడుకున్నవాళ్లతో సమానంగానే నయమవుతుందని 1959లో ప్రపంచానికి చూపించింది. ఇంట్లోవాళ్లకి అంటుకునే ముప్పు కూడా పెరగలేదు. దాంతో ప్రపంచవ్యాప్తంగా శానటోరియంల అవసరమే సన్నగిల్లింది. ఆ కేంద్రమే నేడు చేట్‌పేట్‌లో ఉన్న జాతీయ క్షయ పరిశోధన సంస్థ. 2023లో అదే సంస్థ భాగంగా ఉన్న రేషన్స్ అధ్యయనం జార్ఖండ్ నుంచి వచ్చింది. టీబీ పేషెంటు ఇంట్లోని పెద్దవాళ్లకి తలా నెలకి 5 కిలోల బియ్యం, ఒకటిన్నర కిలోల కందిపప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. ఆ ఇళ్లలో కొత్తగా టీబీ వచ్చినవాళ్లు 2.6 శాతం నుంచి 1.7 శాతానికి తగ్గారు. తమరి భాషలో ఇది బ్రహ్మాండమైన ఎర్రబాణం. తెర మీద ఎందుకు కనబడదు? కందిపప్పుకి మెడికల్ రెప్ లేడు.

షుగర్ సంగతీ అంతే. షుగర్ వచ్చే ముందు దశలో ఉన్న 531 మందిని ఈ ఊరి పరిశోధకులే గమనించి 2006లో ఫలితాలు చెప్పారు. మామూలు సలహాతో వదిలేసిన గుంపులో మూడేళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చింది. రోజూ అరగంట నడక, తిండిలో మార్పులు పాటించిన గుంపులో 39.3. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర 250 మిల్లీగ్రాములు రెండు పూటలా ఇచ్చిన గుంపులో 40.5. రెండూ కలిపిన గుంపులో 39.5, అంటే కలిపినందువల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు. ఏడుగురికి నడక అలవాటు చేస్తే ఒకరికి షుగర్ రాకుండా ఆగింది. షుగర్ అని తేలడమూ గుండెపోటు రావడమూ ఒకటి కాదు కాబట్టి ఈ ఏడునీ ఆ 61నీ పోటీకి దింపం. 2013లో ఇదే దశలో ఉన్న 537 మంది మగవాళ్ల మీద మరో అధ్యయనం వచ్చింది. ఒక గుంపుకి ఫోన్లో నడక, తిండి గురించి మెసేజులు పంపారు. రెండేళ్లలో షుగర్ వచ్చినవాళ్లు ఆ గుంపులో 18 శాతం, మెసేజులు అందని గుంపులో 27. ఖర్చు తమరి వెల్‌కమ్ డ్రింకు పాటి కూడా కాదు.

దగ్గు గురించి కూడా చెప్పనివ్వండి. మామూలు బ్రాంకైటిస్ (ఊపిరి గొట్టాల వాపు) దగ్గు సగటున 18 రోజులు ఉంటుందని 2013లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కతేల్చారు. జనం మాత్రం వారం, తొమ్మిది రోజుల్లో తగ్గాలనుకుంటారు. ఆ ఎడంలోనే అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ దూరుతుంది. ఎనిమిదో రోజు మాత్ర రాస్తారు, దగ్గు దానంతటదే తగ్గుతుంది, పేరు మాత్రకి పోతుంది. అయితే పరాయి దేశపు కాగితాన్ని ఉన్నదున్నట్టు దింపుకోవడమూ ప్రమాదమే. రెండు వారాలు దాటిన దగ్గుకి టీబీ పరీక్ష చేయించాలన్నది మన జాతీయ కార్యక్రమం నియమం. "18 రోజులు మామూలేలెండి" అని పంపేస్తే అది కాస్తా జారిపోతుంది. అందుకని చెప్పాల్సింది ఇది: "మూడు వారాలు పట్టొచ్చు, యాంటీబయాటిక్ వద్దు. కానీ పద్నాలుగో రోజుకీ దగ్గుంటే కఫం పరీక్షకి రండి. జ్వరం, ఆయాసం, రక్తం, బరువు తగ్గడం ఉంటే అప్పటిదాకా కూడా ఆగొద్దు." ఈ నాలుగు మాటలకి ఏ కంపెనీ హాలు బుక్ చేస్తుంది?

2024 మార్చిలో మందుల కంపెనీలకు కొత్త నియమావళి వచ్చింది. డాక్టర్లకి బహుమతులు ఇవ్వకూడదు, ప్రసంగించేవాళ్లకి తప్ప ప్రయాణాలూ హోటల్ బసలూ పెట్టకూడదు, సమాచారం కోసం ఇచ్చే వస్తువు ఏదైనా 1,000 రూపాయలు మించకూడదు. అందువల్ల తమరు కాస్త చిక్కిపోయారని విన్నాం. బెంగపడకండి, ఉప్పు తిన్న విశ్వాసం 1,000 రూపాయల లోపే పుడుతుంది.

తమరి బదులు మాకు కావలసింది తక్కువే. నెలకోసారి, మధ్యాహ్నం ఓపీ అయ్యాక నలభై నిమిషాలు. ముందు ప్రశ్న, ఆ తర్వాతే కాగితం. ప్రశ్న ఆ నెల ఓపీ చీటీల్లోంచే రావాలి. ఒకే ఒక్క పేపరు, దాని మీద ఒక పేజీ రాత: ఎవరి మీద చేశారు, ఎవర్ని చేర్చుకోలేదు, దేనితో పోల్చారు, ఎన్నాళ్లు చూశారు, వెయ్యికి ఎందరికి మేలు, ఎందరికి కీడు, డబ్బు ఎవరిది. చివర ఒక్క వాక్యం: సోమవారం నుంచి మన క్లినిక్‌లో ఏం మారుతుంది? ఏమీ మారదంటే అలాగే రాసుకోవాలి, అదీ జవాబే. మూడు నెలల తర్వాత వరసగా ఇరవై చీటీలు తీసి మారిందో లేదో చూడాలి. ఇలాంటివి పాడయ్యేది సాధారణంగా ఈ చివరి మెట్టు దగ్గరే. చర్చ బాగా జరుగుతుంది, చీటీలు మాత్రం పాతవే రాస్తుంటారు. కాబట్టి ఆ పనికి ఒకరి పేరు ముందే రాసిపెట్టాలి. ఖర్చు టీ, మసాలా వడ.

వచ్చే నెల కాగితం ఖాయమైంది. 2018లో వచ్చిన ఆస్ప్రీ అనే అధ్యయనం. గుండెజబ్బు గానీ పక్షవాతం గానీ ఎప్పుడూ రాని 19,114 మంది వృద్ధులు, దాదాపు అందరూ 70 దాటినవాళ్లు. సగం మందికి రోజూ 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. ఐదేళ్లకి కాస్త తక్కువ కాలంలో గుండెజబ్బుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తీవ్రమైన రక్తస్రావం మాత్రం 2.8 శాతం నుంచి 3.8 శాతానికి పెరిగింది. స్టెంటు వేయించుకున్నవాళ్లకీ, ఇదివరకే గుండెపోటు వచ్చినవాళ్లకీ ఇది వర్తించదు, వాళ్లు ఆస్పిరిన్ సొంతంగా మానకూడదు. మిగతా పెద్దవాళ్లలో ఎవరికి ఆ మాత్ర ఆపాలో తేల్చాలి. ఒక మందు ఆపడం గురించిన సభ కాబట్టి స్పాన్సర్ కావాలి. తమరి ఎరికలో ఎవరైనా ఉంటే పంపగలరు.

ఇట్లు,
తమరి ఉప్పు కొంత తిన్న,
చెన్నపట్నం తెలుగు ఫ్యామిలీ డాక్టర్లు కొందరు