సుమంత్రుడి డ్యూటీ

అయోధ్యాకాండ వింటూ అందరూ రాముడి కోసం ఏడుస్తారు, సీతమ్మ కోసం ఏడుస్తారు. కాస్త వయసు మళ్లినవాళ్లయితే దశరథుడి కోసం కూడా ఏడుస్తారు. రథం తోలినాయన కోసం మాత్రం ఒక్క కన్నీటిబొట్టు రాల్చిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. పేరుకి మంత్రి. ఆ రోజు చేసింది డ్రైవరు పని. వెనక నుంచి మహారాజు "ఆగు, ఆగు" అని అరుస్తున్నాడు. రథంలో రాముడు "పోనీ, పోనీ" అంటున్నాడు. ఇద్దరి మాటా కాదనడానికి లేదు. సుమంత్రుడి మనసు రెండు చక్రాల నడుమ చిక్కుకున్నట్టయిందని వాల్మీకి ఓ ముక్క రాసి ముందుకెళ్లిపోయాడు. ఒక కాలు క్లచ్ మీదా ఒక కాలు బ్రేకు మీదా పెట్టుకుని, వెనక హారన్లు వింటూ కూర్చున్నవాడికే ఆ ముక్క విలువ తెలుస్తుంది.

నాకు తెలిసింది. మా అక్క కొడుక్కి పాడేరులో ఉద్యోగం వచ్చింది.

పాడేరంటే వైజాగ్ నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు. ఘాట్ రోడ్డు, కాఫీ తోటలు, చలికాలంలో పొగమంచు. ఊళ్లో జనం లీవు పెట్టుకుని మరీ ఆ కొండలెక్కి సెల్ఫీలు దిగొస్తారు. మా అక్క లెక్కలో మాత్రం అది దండకారణ్యం. "2022లో ఆ జిల్లాలు విడగొట్టకపోయుంటే పిల్లాడు మన జిల్లాలోనే ఉండేవాడు కదరా తమ్ముడూ" అని ఆవిడ బాధ. అల్లూరి సీతారామరాజు జిల్లా వేరుపడినంత మాత్రాన పాడేరు అంగుళం కూడా పక్కకి జరగలేదని మా బావ వివరించాడు. ఆ పూట ఆయనకి కాఫీ బాగా ఆలస్యమైంది.

మా నాన్నగారికి రోజూ సాయంత్రం వాల్మీకి ఒక సర్గ చదవందే అన్నం సయించదు. ఇంట్లో గ్యాస్ అయిపోయినా అది ఏ కాండలో వస్తుందో చెప్పగలరు. అలాంటి మనిషికి మనవడు అడవికెళ్లే ఘట్టం దొరికితే ఊరుకుంటారా? ఆర్డరు చేతికొచ్చిన సాయంత్రమే పాత్రలు పంచేశారు. కైకేయి మా చెల్లెలు. ఎందుకంటే ఆన్‌లైన్లో ఆ అప్లికేషన్ నింపింది ఆవిడే. పైగా పాపం ఓ మాట నోరు జారింది. ఆవిడ కొడుకు ఆంధ్రా యూనివర్సిటీలో చదువుతున్నాడు, గాజువాక నుంచి రోజూ సిటీ బస్సులో వేలాడుతూ వస్తున్నాడు. "ఎంవీపీ కాలనీలో వాళ్లన్నయ్య గది ఎలాగూ ఖాళీయే కదా" అంది.

"ఒక వరం అడవి, రెండో వరం పట్టాభిషేకం. లెక్క సరిపోయింది" అన్నారు నాన్నగారు.

"సర్లెండి నాన్నా. కైకేయి లేకపోతే మీకు రోజూ చదువుకోడానికి ఏం మిగిలేది?" అంది చెల్లెలు. ఆవిడ నోటికి మేమెవరమూ ఎదురెళ్లం.

ఇక పౌరజనం. రాముణ్ణి అయోధ్య ఎందుకు ప్రేమించిందో వాల్మీకి గుణగణాలన్నీ వరసపెట్టి చెప్పాడు. మావాణ్ణి అక్కవాళ్ల అపార్ట్‌మెంట్ ఎందుకు ప్రేమించిందో చెప్పడం ఇంకా తేలిక: వైఫై పాస్‌వర్డులు, పింఛనుదార్ల లైఫ్ సర్టిఫికెట్లు, కరెంటు బిల్లు, ఓటీపీ. ఏ ఫ్లాట్లో ఏ ఫోను మొరాయించినా వాడే వెళ్లాలి. మూడో అంతస్తు మామ్మగారైతే వాడి చెయ్యి పట్టుకుని "నువ్వెళ్లిపోతే అమెరికాలో మా అమ్మాయి మళ్లీ తలకిందులుగా కనిపిస్తుంది నాయనా" అని కళ్లు ఒత్తుకున్నారు. ప్రజల దుఃఖంలో ఇంత స్వార్థం ఉంటుందని వాల్మీకి రాయలేదుగానీ, అయోధ్యలో కూడా కొంత ఉండే ఉంటుందని నా అనుమానం.

వెళ్లే ముందు రాముడు తన సొమ్మంతా దానం చేశాడు. అప్పుడు త్రిజటుడనే పేద బ్రాహ్మణుడొస్తే, చేతిలో కర్ర విసరమని, అది పడినంత మేరా ఉన్న ఆవులన్నీ నీవేనన్నాడట. ముసలాయన నడుం బిగించి విసిరితే కర్ర సరయూ నది అవతల ఆవులమందలో పడింది. అన్నీ ఇచ్చేసి, "కోప్పడకండి, సరదాకన్నాను" అని బతిమాలుకున్నాడు రాముడు. పట్టాభిషేకం పోయిన పూట కూడా సరదా చెడని మనిషి! నాకు ఆ కాండ మొత్తంలో అక్కడే ఆయన మీద ప్రేమ ఎక్కువ. ఈ కథ విని మావాడికి హుషారొచ్చింది. సెల్లార్లోంచి టెన్నిస్ బంతి విసురు, గేటు దాటితే నా సైకిలు నీదేనని వాచ్‌మన్ కొడుకుతో పందెం వేశాడు. బంతి గేటు దాటి, రోడ్డు దాటి, ఎదురింటివాళ్లు ఆరబెట్టుకున్న వడియాల మీద పడింది. సైకిలు వాడికి, తిట్లు మాకు.

సామాను దగ్గర మాత్రం మేం రామాయణాన్ని ఏమాత్రం పాటించలేదు. పద్నాలుగేళ్లకి రాముడు అడిగింది ఒక గునపం, ఒక గంప. మా అక్క కట్టింది రెండు సూట్‌కేసులు, మిక్సీ, బియ్యం బస్తా, కందిపొడి, మాగాయ, ఆవకాయ జాడీ, ఆ జాడీ ఒలికితే తుడవడానికి పాత పంచెలు. డిక్కీ మూత పడలేదు. తాడేసి కట్టాం. మరి కారులోనే పాడేరు దాకా దిగబెట్టొచ్చు కదా అని మీకు తోచే ఉంటుంది. నేనూ అన్నాను. ఘాట్ రోడ్డు మీద నా డ్రైవింగ్ మీద నమ్మకం లేదని అక్క మొహమ్మీదే చెప్పింది. కాబట్టి ఆర్టీసీ కాంప్లెక్సు దాకా నా రథం, అక్కణ్ణుంచి పాడేరు బస్సు.

ఆదివారం మధ్యాహ్నం. కిందికి దిగి చూద్దుం కదా, గేటు బయట మూడు ఆటోలు, బోలెడు బళ్లు. అపార్ట్‌మెంటంతా కాంప్లెక్సుకి బయల్దేరుతోంది. సెక్రెటరీగారి చేతిలో బంతిపూల దండ, ఇంకొకాయన చేతిలో శాలువా. వీళ్లంతా బస్టాండులో ప్రసంగాలు మొదలుపెడితే ఇవాళ్టి బస్సు రేపటికి కూడా కదలదని నాకు టెన్షన్ పట్టుకుంది. నాన్నగారు నన్ను లిఫ్ట్ పక్కకి లాగారు.

"తమసా తీరం ఉపాయం చేద్దాంరా" అన్నారు.

తెలియనివాళ్లకి చెప్తాను. జనం వెంటపడి తమసా నది దాకా వచ్చేశారు. రాత్రి అక్కడే పడుకున్నారు. తెల్లారకముందే రాముడు లేచి, రథాన్ని కాసేపు ఉత్తరంగా తోలి వెనక్కి తిప్పుకు రమ్మని సుమంత్రుడికి చెప్పాడు. చక్రాల జాడ చూసి జనం తికమకపడి ఇళ్లకి పోయారు. నాన్నగారి పథకం కూడా అదే. కారు ఇసుకతోట దగ్గర హైవే ఎక్కి ఉత్తరంగా, అంటే హనుమంతవాక వైపు పోవాలి. ఊరేగింపు దాని వెంట వస్తుంది. ఈలోగా మావాడు వెనక గేటులోంచి వాళ్ల ఫ్రెండు స్కూటరు మీద మద్దిలపాలెం మీదుగా కాంప్లెక్సుకి చేరతాడు. నేను హనుమంతవాకలో యూటర్న్ కొట్టి, జనాన్ని వదిలించుకుని, సామాను పట్టుకెళ్తాను. కారులో ఎవరూ లేకపోతే అనుమానం వస్తుంది కాబట్టి నాన్నగారే మనవడి క్రికెట్ టోపీ పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నారు. ఆయనకి డెబ్భై తొమ్మిదేళ్లు. టోపీ మీద కోహ్లీ బొమ్మ.

బావకి ఈ సంగతి చెప్పలేదు. ఆయన కడుపులో మాట దాగదు. ఓ ఆటో ఎక్కించి వెనక రమ్మన్నాం.

ఇసుకతోట దాటేసరికి ఫోను మోగింది. బావ. వెనక ఆటోలోంచి సగం బయటికి వేలాడుతూ చెయ్యి ఊపుతున్నాడు. స్పీకర్లో పెడితే "ఆపు! ఆపరా బాబూ, ఆపు!" అని ఒకటే కేక.

"పోనీ, పోనీ" అన్నారు నాన్నగారు వెనక నుంచి.

"ఏమో పని మీద పిలుస్తున్నాడేమో నాన్నా."

"దశరథుడు కూడా ఇలాగే పిలిచాడు. అప్పుడు రాముడేం చెప్పాడో తెలుసా? తర్వాత రాజు నిలదీస్తే 'నాకు వినబడలేదు' అని చెప్పమన్నాడు సుమంత్రుడితో. దుఃఖాన్ని సాగదియ్యడం మహా చెడ్డదట. ఫోను పెట్టెయ్."

సాక్షాత్తూ రాముడే ఇచ్చిన పర్మిషన్. పెట్టేశాను.

అయోధ్యాకాండలో ఆంజనేయుడు ఎక్కడా కనిపించడు, కిష్కింధ దాకా ఆగాలి. మాకు మాత్రం హనుమంతవాకలోనే అన్నీ ఎదురయ్యాయి. ఆదివారం కదా, ఒకవైపు సింహాచలం వెళ్లే కార్లు, ఇంకోవైపు జూ పార్కుకి పిల్లలతో బయల్దేరిన బళ్లు. జంక్షన్లో కదలిక లేదు. ఏసీ నీళ్లు కారు కింద టపటపా కారుతున్నాయి. రాముణ్ణి దింపి వెనక్కొస్తుంటే రథం గుర్రాలు వేడి కన్నీళ్లు కార్చాయని సుమంత్రుడు చెప్పుకున్నాడు. మా గుర్రం ముందే మొదలెట్టింది.

ఇంతలో సెక్రెటరీగారి ఆటో పక్కకొచ్చి ఆగింది. ఆయన అద్దంలోంచి చెయ్యి దూర్చి, కోహ్లీ టోపీ మీదుగా బంతిపూల దండ వేసేశారు. "వెళ్లి రా బాబూ" అని గొంతు గద్గదం చేసుకున్నాక గానీ లోపలున్న మొహం ఎవరిదో కనిపించలేదు.

ఆటో డ్రైవరు తొంగి చూశాడు. "ఏటి తాతగారూ, ఈ వయసులో తవరెలిపోతన్నారేటి పాడేరు?"

అంతే. బళ్లన్నీ చుట్టూ మూగాయి. అబ్బాయేడీ, అబ్బాయేమయ్యాడు, ఇంట్లో మర్చిపోయారా? మామ్మగారు ఏడుపు లంకించుకున్నారు. బావ ఆటో దిగి, చెప్పు ఒకటి జారిపోతున్నా పట్టించుకోకుండా పరిగెత్తుకొచ్చాడు. నాన్నగారు దండతోనే అద్దం ఇంకాస్త దించి, ఎంతో ప్రశాంతంగా, "మళ్లీ తిరిగి రావాలనుకున్నవాణ్ణి మరీ దూరం సాగనంపకూడదు అల్లుడుగారూ. మంత్రులు దశరథుడికి చెప్పిన మాట ఇది" అన్నారు.

"ఫైలు మావయ్యగారూ!" అన్నాడు బావ రొప్పుతూ. "వాడి సర్టిఫికెట్ల ఫైలు నా దగ్గరుంది!"

సరిగ్గా అప్పుడే మావాడు ఫోను చేశాడు. "మామయ్యా, బస్సు తీసేస్తున్నారు. తర్వాత బస్సెక్కితే ఘాట్ మీదే చీకటి పడిపోతుందిట. ఎక్కెయ్యనా?" నేను నోరు తెరిచేలోపే నాన్నగారు "ఎక్కెయ్, ఆడిన మాట తప్పకూడదు!" అన్నారు. ఎవరు ఏ మాట ఆడారో అడిగే తీరిక లేకపోయింది. వాడు ఎక్కేశాడు. సామాను హనుమంతవాకలో, ఫైలు హనుమంతవాకలో, పౌరజనం హనుమంతవాకలో.

ఆ తర్వాత మద్దిలపాలెం సిగ్నలూ, ఆశీల్‌మెట్ట ట్రాఫిక్కూ దాటి కాంప్లెక్సుకి చేరేసరికి ప్లాట్‌ఫారం మీద మా చెల్లెలు ఒక్కర్తే నిలబడి ఉంది. గాజువాక నుంచి సిటీ బస్సులో నేరుగా వచ్చేసింది, ఊరేగింపు సంగతే ఆవిడకి తెలియదు. పాడేరులో చలెక్కువని రెండు స్వెటర్లు, ఒక రెయిన్‌కోటు కొని తెచ్చి వాడి చేతిలో పెట్టిందట. బస్సెక్కేటప్పుడు వాడి దగ్గరున్నది ఆ సంచీ, ఒంటి మీద బట్టలు, తీసివ్వడం మర్చిపోయిన ఫ్రెండు హెల్మెట్టు. అంతే.

నాన్నగారు కారు దిగలేదు. దండ సర్దుకుంటూ చాలాసేపు చెల్లెలి వైపే చూశారు. "నారచీరలు కైకేయే స్వయంగా తెచ్చిచ్చింది, ముప్ఫై ఏడో సర్గ" అన్నారు చివరికి. "ఆ చీరలు కట్టుకునే వెళ్లాడు."

"చీరలు కాదు నాన్నా, ఉన్నివి. ఒక్కోటీ ఏడొందలు" అంది చెల్లెలు.

ఫైలు లేకపోతే సోమవారం జాయినింగ్ లేదు కాబట్టి తర్వాత బస్సుకి బావ ఎక్కాడు, పంచెకట్టుతో, ఒక్క చెప్పుతో. కంగారులో చేతికందిన సూట్‌కేసు ఒకటి పట్టుకెళ్లాడు. అందులో బట్టలుంటాయనుకున్నాం. మిక్సీ ఉంది. రాత్రి ఫోను చేసి, ఇద్దరూ చెరో స్వెటరూ వేసుకుని పడుకుంటున్నామన్నాడు.

ఇంటికొచ్చాక అక్క గుమ్మంలోనే పట్టుకుంది. ఎక్కడ కూర్చున్నాడు, కిటికీ సీటేనా, ఏం తిన్నాడు, రాత్రి ఎక్కడ పడుకుంటాడు? ఖాళీ రథంతో వచ్చిన సుమంత్రుణ్ణి దశరథుడు అడిగినవి కూడా ఇవేనని, వరస ఒక్కటే మారిందని నాన్నగారు పక్క నుంచి అందించారు. పులిహోర డబ్బా కారులోనే ఉండిపోయిందని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. అయినా హనుమంతవాకలో ఇరుక్కున్నంతసేపూ వెనక సీట్లో ఆ డబ్బా మూత చప్పుడవుతూనే ఉంది.

మర్నాడు సాయంత్రం స్కూటరు ఫ్రెండు వచ్చాడు. కాంప్లెక్సు నుంచి తిరిగొస్తుంటే తలకి హెల్మెట్ లేదని కెమెరా ఫొటో తీసేసిందట, ఫోన్లో చలానా చూపించాడు. హెల్మెట్ పాడేరులో ఉంది, దాన్ని పట్టుకెళ్లినవాడు డ్యూటీలో ఉన్నాడు. ఎవరు కట్టాలో తేల్చమని నాన్నగారిని అడిగాం. ఆయన కళ్లజోడు పెట్టుకుని, తమసా తీరం నుంచి శృంగిబేరపురం దాకా ఓపిగ్గా తిరగేసి, పుస్తకం మూశారు.

"దీని గురించి మహర్షి ఏమీ చెప్పలేదురా. బండి తోలినవాడివి నువ్వే కదా, కట్టెయ్."