ఆర్కిటిక్ మంచు కరిగితే అక్కడోళ్లకి లాభమేనంట!

వాట్సాప్‌లో ఓ మెసేజ్ తెగ తిరుగుతోంది. ఆర్కిటిక్‌లో ఎలుగుబంట్లు తప్ప మనుషులెక్కడున్నారు, ఉన్న నలుగురికీ చలి తగ్గి సుఖమే కదా, ఊరు మునిగితే ఇంకో ఊరికి పోతారు, ఓడలొచ్చి డబ్బులొస్తాయి, ఈ గోలంతా టూరుకెళ్లి ఫొటోలు దిగొచ్చినోళ్లదే అని. చదివితే నిజమే కదా అనిపించేలా రాశారు, అదే చిక్కు.

మనుషుల్లేరనేది ఒక్క ముక్కలో తేలిపోద్ది. ఆర్కిటిక్‌లో దాదాపు 40 లక్షల మంది ఉంటారు. ఇన్యూట్, యూపిక్, సామీ, నెనెట్స్ అనే స్థానిక తెగల వాళ్లకైతే తరతరాలుగా అదే సొంత నేల.

చలి తగ్గితే సుఖమట. రాసినాయన చలంటే మన సంక్రాంతి చలి అనుకున్నట్టున్నాడు. అక్కడ చాలా ఊళ్ల మధ్య రోడ్లే ఉండవు, వేటకైనా చుట్టాలింటికైనా గడ్డకట్టిన సముద్రం మీదే స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) వేసుకుని పోవాలి, మంచు పలచబడితే బండితో సహా నీళ్లలోకే. అలాస్కా ఉత్తర కొసన ఉట్కియాగ్విక్‌లో తిమింగలం మాంసాన్ని నేలలో లోతుగా తవ్విన గదుల్లో దాచుకుంటారు, కరెంటక్కర్లేని ఫ్రీజర్లు అవి, ఇప్పుడు వాటిల్లో కొన్నిట్లోకి నీళ్లొచ్చేస్తున్నాయి. ఇక అలాస్కాలోనే షిష్మరెఫ్. చుక్చీ సముద్రంలో సన్నటి దీవి మీద సుమారు 600 మంది ఇన్యూపియాట్ల (అలాస్కా ఇన్యూట్లు) ఊరు. ఒకప్పుడు చలికాలం ముందు తుఫాన్లొచ్చే టైముకి ఒడ్డున మంచు కట్టేసి ఉండేది, అలలు అక్కడే ఆగిపోయేవి. ఇప్పుడు మంచు లేటు, తుఫాను మాత్రం లేటవ్వదు. అలలు నేరుగా ఒడ్డు మీద పడతాయి, ఆ ఒడ్డేమో ఇసుకని మంచే పట్టి ఉంచిన నేల, లోపలి మంచు కరిగాక అడుగునుంచి కోసుకుపోయి పైనున్న ఇల్లు ఒరిగిపోద్ది. ఉప్పాడ వాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

"ఇంకో ఊరికి పోతారు" అన్నదాని దగ్గరే నాకు బాగా మండింది. షిష్మరెఫ్ వాళ్లు 2016లో ఓటింగ్ పెట్టుకున్నారు, 89 మంది వెళ్లిపోదామన్నారు, 78 మంది ఉందామన్నారు, తీర్మానమైతే అయ్యింది గానీ ఊరు తరలించడానికి డబ్బులేవి? ఇంకా అక్కడే ఉన్నారు. అలాస్కాలోనే న్యూటాక్ అనే యూపిక్ ఊరిని నింగ్లిక్ నది ఏటేటా తినేస్తుంటే సుమారు 15 కిలోమీటర్ల దూరంలో మెర్టార్విక్ దగ్గర స్థలం 2003లో దొరికింది, మొదటి కుటుంబాలు కొత్త ఇళ్లలోకి వెళ్లింది 2019లో, మిగతావాళ్లు వెళ్లేసరికి 2024. పదిహేను కిలోమీటర్లకి ఇరవై ఏళ్లు! అసలు వీళ్ల పెద్దలు సీజన్‌ని బట్టి చోటు మార్చుకుంటూ బతికినవాళ్లే. బడి సామాను తెచ్చే పడవ నదిలో ఎంతవరకు రాగలిగితే అక్కడ బడి పెట్టి, ఊరు అక్కడే స్థిరపడేలా చేసింది ప్రభుత్వం. కదిలేవాళ్లని కట్టిపడేసి ఇప్పుడు కదలండి అంటే ఎలా?

ఓడల డబ్బు పూర్తిగా అబద్ధమేం కాదు. 2016లో క్రిస్టల్ సెరెనిటీ అనే పెద్ద క్రూజ్ షిప్ కెనడా మీదుగా వెళ్తూ కొన్ని వందల మందే ఉండే ఉలుఖాక్టోక్‌లో ఆగింది, జనం దిగి చూసి, చేతి పనులు కొనుక్కుని వెళ్లారు. ఒక్కరోజు బేరం మంచిదే, దాంతో వేటదారి తిరిగి రాదుగా. దక్షిణ గ్రీన్‌ల్యాండ్‌లో బంగాళదుంపలు పండుతున్న మాటా నిజమే, కానీ కరిగి కుంగిపోయే నేలంతా పొలమైపోదు.

ఇక ఫొటోల సంగతి. 2019 జూన్‌లో వాయవ్య గ్రీన్‌ల్యాండ్‌లో కుక్కలు నీళ్లలో స్లెడ్జి (మంచు మీద జారే చక్రాల్లేని బండి) లాగుతున్న ఫొటో చూసే ఉంటారు. కుక్కలు సముద్రం మీద నడుస్తున్నాయని షేర్ చేసినోళ్లది అతే, ఆ నీళ్ల కింద మీటరుకి పైగా మందాన మంచుంది. వేసవిలో పైమంచు కరగడం మామూలే, ఆ ఏడు మరీ త్వరగా, మరీ ఎక్కువ కరిగింది, కిందికి పోవడానికి పగుళ్లు లేక నీళ్లు పైనే నిలిచాయి. కానీ తీసింది టూరిస్టు కాదు. డెన్మార్క్ వాతావరణ సంస్థ శాస్త్రవేత్త స్టెఫెన్ ఓల్సెన్, సముద్రంలో పెట్టిన పరికరాలు తెచ్చుకోడానికి స్థానిక వేటగాళ్లతో కలిసి వెళ్తూ తీశాడు. మంచు ఎంత దూరం పరుచుకుందో శాటిలైట్ చెప్తుంది, ఫలానా చోట స్లెడ్జి దాటుతుందా లేదా అనేది తోలేవాడికి తెలియాలి. కెనడాలో పాండ్ ఇన్లెట్ లాంటి ఊళ్లలో స్మార్ట్‌ఐస్ అనే సంస్థ తరఫున ఇన్యూట్లే స్నోమొబైల్ వెనక సెన్సర్ లాక్కెళ్లి మంచు మందం కొలిచి, ఏ దారిలో పోవచ్చో ఊళ్లోవాళ్లకి చెప్తున్నారు. ఇదంతా టూరిస్టుల గోలైతే ఆ ఊరోళ్లకి ఈ పనేంటి?